కాళమ్మ కార్డు మీద రెండు ఎర్ర గీతలు

ఆగస్టు 3, 1993. మంగళవారం

అన్నం సహించలేదు. అమ్మ రెండుసార్లు పిలిచింది, నా మొహం చూసి మూడోసారి పిలవలేదు. ఎవరెవరి మీద కోపమో రాసేసుకుంటే కాస్త దిగుతుందేమో చూద్దాం.

మొదట డాక్టరు మీద. ఢిల్లీ నుంచి పోర్టు బ్లెయిర్ వచ్చి ఆరు నెలలయింది, ఇక్కడి ఉక్కకే ఇంకా అలవాటు పడలేదు. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద కాళమ్మ ఉంది. ఫెర్రీ దాటితే వచ్చే బాంబూఫ్లాట్‌లో చేపలమ్ముకునే మనిషి. వయసు యాభై అయిదు, చూస్తే డెబ్భై అనుకుంటారు. నలభై ఏళ్ళు అడ్డపొగ కాల్చింది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో మొదలైన పుండు దవడ దాకా పాకింది. వైజాగ్ తీసుకెళ్ళి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించారు. ఇక లాభం లేదని వాళ్ళు తిప్పి పంపేశారు. ఇప్పుడు మాట రాదు. నొప్పి ఓర్చుకోలేనప్పుడు స్టీలు గ్లాసుతో మంచం ఇనుప పట్టీ మీద కొడుతుంది. నా ఫార్మసీ కౌంటరుకీ ఆ కిటికీకీ మధ్య ఒక్క వరండాయే అడ్డం. పొద్దున్నించీ ఆ చప్పుడు వింటూ అందరికీ దగ్గు మందులూ జ్వరం మాత్రలూ ఇచ్చాను.

డాక్టరు ఆమెకి డైక్లోఫెనాక్ సూది రాస్తాడు. బ్రూఫెన్ పొడి చేసి ముక్కు గొట్టంలో పొయ్యమంటాడు. ఇల్లు తగలబడుతుంటే చెంబుడు నీళ్ళు చల్లడం. బీరువాలో మార్ఫిన్ ఉందిగా, పొయ్యిలోకా అని అడిగాను. జవాబుగా కార్డు తీసి నా ముందు పెట్టాడు.

పాత ఓపీ కార్డు. 1984ది, కాలు విరిగి వచ్చినప్పటిది. పాలిథిన్ సంచీలో పెట్టి, సంచీ నోరు వల దారంతో కట్టి దాచుకున్నారు. పైన ఎర్ర సిరాతో ఇంగ్లీషులో రాసి ఉంది: మార్ఫిన్ అలర్జీ. పెథిడిన్, కోడీన్, ఈ జాతి మందులేవీ ఇవ్వరాదు. కింద రెండు గీతలు.

"రిస్క్ కౌన్ లేగా, మేడమ్?" అన్నాడు. ఏమన్నా అయితే ఎవరి నెత్తి మీద పడుతుందనే అతని బాధంతా.

ఆ రాసినవాళ్ళెవరో వాళ్ళని అనాలి. ఏం జరిగింది? సూది వేసిన ఎంతసేపటికి జరిగింది? ఊపిరి ఆడలేదా, పెదాలు వాచాయా, బీపీ పడిపోయిందా? ఒక్క ముక్క లేదు. సంతకం లేదు. అలర్జీ అని ఒక మాట పారేసి చేతులు దులుపుకున్నారు. మార్ఫిన్‌కి ఒళ్ళు దురద పెడుతుంది, ముక్కు గీరుకుంటారు, వాంతి అవుతుంది. అది ఆ మందు గుణం. దాన్ని అలర్జీ అనరు. ఫార్మసీ చదివినవాళ్ళకి ఆ మాత్రం తెలియొద్దా? పైగా నిజంగా మార్ఫిన్ పడకపోయినా పెథిడిన్ పడవచ్చు, రెండింటి తయారీ వేరు. మొత్తం వంశాన్ని వెలివేసినట్టు అన్నీ కలిపి రాసేశారు.

గీతలు మాత్రం నీటుగా ఉన్నాయి.

ఆగస్టు 4

గ్లాసు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఇంటికి బయల్దేరేదాకా గ్లాసు.

ఆగస్టు 5, గురువారం

వీరరాఘవయ్య గారితో గొడవ. మా చీఫ్ ఫార్మసిస్టు, మార్ఫిన్ బీరువా తాళం ఆయన నడుముకే ఉంటుంది. డిసెంబరులో రిటైరవుతారు. నాకు పని నేర్పింది ఆయనే. అందుకే ఆయన మీద అరవడం నాకు సులువు.

"కార్డు మీద ఉన్నాక ఇవ్వకూడదమ్మాయ్. రూలు అది" అన్నారు.

"తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఏదో రాస్తే?"

ఆయన కార్డు తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత నన్ను చూశారు. మళ్ళీ కార్డు చూశారు.

"పోనీలే, వదిలెయ్. మనకెందుకు" అన్నారు, మెత్తగా.

మెత్తగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. మనకెందుకా? మనం కాకపోతే ఇంకెవరికి? పాతికేళ్ళు తాళం కట్టుకు తిరిగిన మనిషి అనవలసిన మాటేనా ఇది? ఆ కోపంలో స్టాకు రిజిస్టరు నా ముందుకు లాక్కుని ఈ నెల పేజీ అంతా స్కేలు పెట్టి గీశాను, హెడ్డింగుల కింద రెండేసి గీతలు. అలా గీసుకుంటే మనసు కాస్త కుదుటపడుతుంది నాకు. ఆయన చూస్తూ కూర్చున్నారు.

ఆగస్టు 6

వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. కాళమ్మ నన్ను చూసి గ్లాసు కొట్టడం ఆపింది. చెయ్యి చాపింది. ఆ చేతి మీద చేపల పొలుసు వాసన ఇంకా పోలేదు, ఇన్ని నెలలయినా. నా వేళ్ళు పట్టుకుని వదల్లేదు. డ్యూటీ ఉందని వచ్చేశాను. డ్యూటీ ఏమీ లేదు, లంచ్ టైము.

ఆగస్టు 7, శనివారం

ఆమె మొగుడు నూకన్న వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పదహారేళ్ళప్పుడు శ్రీకాకుళం అవతల్నించి ఓడెక్కి వచ్చిన మనిషి. హిందీ, తెలుగూ కలగాపులగం చేసి మాట్లాడతాడు. అందరూ అతన్ని దాటుకుని పోతారు, నేనూ పోతున్నాను నాలుగు రోజులుగా. ఇవాళ పక్కన కూర్చున్నాను.

"నూకన్నా, ఎనభై నాలుగులో కాళమ్మ కాలు విరిగినప్పుడు ఏం జరిగిందో మొత్తం చెప్పు" అన్నాను.

"ఏటున్నాది దీదీ సెప్పడానికి. జెట్టీ మెట్ల మీద జారిపోనాది. పాచి. కాలు ఇరిగీసింది. ఇక్కడికి తెచ్చినాం, సూదేసినారు, కట్టు కట్టినారు."

"సూది వేశాక?"

"రెండుసార్లు కక్కింది. ఒళ్ళు గీరుకుంది. సేతుల మీద, మెడ మీద ఎర్రగా తాళ్ళు తాళ్ళుగా పొంగీసున్నాయి గదా, అవి సూసి భయపడిపోనారు ఇక్కడోళ్ళు."

"తాళ్ళు తాళ్ళుగానా?"

"అదే దీదీ, జెల్లీ చేపలు. ఆ సీజనులో వల నిండా అయ్యే. పొద్దున్నుంచి వల దులిపింది గదా ఇది. తోకలు తగిలి సేతులు వాతలు దేలిపోనాయి. ఎంట్రుకలు ఎగదోసుకున్నాది గావాల, మెడకీ అంటీసినాయి."

నేను అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాను.

"అంటే ఆ వాతలు సూదికి ముందే ఉన్నాయా?"

"సూదికేటి, ఆసుపత్రికి ముందే. జెట్టీ మీద జారకముందే ఉన్నాయి."

"మరి ఆ రోజు చెప్పలేదే?"

అతను నన్ను వింతగా చూశాడు.

"ఎవులు అడిగినారు? సూదేసినాక ఏటయిందీ అని అడిగినోళ్ళకి సూదేసినాక అయింది సెప్పినాం. ముందు ఏటున్నాదని అడగలేదు. జెల్లీ తగిలితే మంట పుడతాది, సల్లారిపోతాది. అది కూడా ఒక జబ్బేనా, డాక్టరుకి సెప్పుకోడానికి?"

ఎంతసేపటికి లేచి వచ్చానో తెలీదు. వాళ్ళకి అది రోజూ ఉండే మంట. ఒడ్డున ఉండే మాకు దాని పేరే తెలీదు. మా నాన్న స్కూలు మాస్టరు. నేను పోర్టు బ్లెయిర్‌లో పుట్టాను, నా జీవితంలో వల ముట్టుకోలేదు.

ఆగస్టు 8, ఆదివారం

మా ఇల్లున్న ఆస్టినాబాద్‌లో పొద్దున్నుంచీ వాన. ఆసుపత్రి ఇక్కడికి ఎంత దూరం, అయినా ఆ గ్లాసు వినిపిస్తోంది. రాయకుండా తప్పించుకుందామని బట్టలు ఇస్త్రీ చేశాను, ఉన్నవీ లేనివీ.

ఆ రాత నాది.

మొదటి రోజే తెలుసు. డాక్టరు కార్డు నా ముందు పెట్టగానే తెలుసు. స్కేలు పెట్టి రెండు గీతలు ఎవరు గీస్తారు, నేను తప్ప. అప్పుడు ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఎవరూ అడగని ప్రశ్నలు నేను అడుగుతున్నానని తెగ పొంగిపోయేదాన్ని. ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని వార్డులు తిరిగేదాన్ని. మంచం మీద ఒక చేపలావిడ, చేతుల నిండా దద్దుర్లు, గీరుకుంటోంది. సూది తర్వాత ఏమైంది అని అడిగాను. ముందు ఏమైంది అని అడగలేదు. కాలేజీలో నేర్చుకున్న మందుల జాబితా గుర్తు తెచ్చుకుని, దగ్గరి దూరపు చుట్టాలన్నిటి పేర్లూ రాశాను. ఎంత జాగ్రత్తగల పిల్లో అని వీరరాఘవయ్య గారు మెచ్చుకున్నారు.

మొన్న మంగళవారం నాడు ఈ డైరీలో ఆ రాసినవాళ్ళెవరో అని రాసుకున్నాను. నా డైరీలో నాకే నేను అబద్ధం రాసుకున్నాను. సిగ్గులేని దాన్ని. ఇది ఎవరు చదువుతారని?

వీరరాఘవయ్య గారికి కూడా తెలుసు. వదిలెయ్ అన్నది నా కోసమే.

ఆగస్టు 9, సోమవారం

పొద్దున డాక్టరు గదికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పేషెంట్లున్నారు. రెండోసారి ఎవరూ లేరు. ఏదో స్టాకు గురించి అడిగి వచ్చేశాను.

గ్లాసు.

పిరికిదానా.

ఆగస్టు 10, మంగళవారం

చెప్పాను. వీరరాఘవయ్య గారి ముందు, సిస్టర్ ముందు చెప్పాను. జెల్లీ చేపల వాతలు, దురద, వాంతి, అన్నీ. "ఏ మైనే లిఖా థా" అన్నాను. ఇది రాసింది నేనే అని. డాక్టరు పెన్ను మూత పెట్టి నన్ను చూశాడు.

"వారం రోజులుగా నాతో పోట్లాడుతున్నది మీ రాత మీదా?" అని హిందీలో అడిగాడు. అవునన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. 1984లో తగిన విచారణ చెయ్యకుండా ఈ మాట కార్డు మీద రాశాను, దానికి బాధ్యత నాది, అని. వీరరాఘవయ్య గారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

"సంతకం పెట్టకు. మెమో ఇస్తారు. సర్వీసు బుక్కులో పడుతుంది. ఇంకో దారేదన్నా చూద్దాం."

"ఇంకో దారి చూసేలోపు ఆమె బతికుంటుందా, మావయ్యగారూ?"

ఇన్నేళ్ళలో ఆయన్ని అలా పిలవడం ఇదే మొదలు. ఆయన నడుం దగ్గర తాళం విప్పారు.

మొదట మూడు మిల్లీగ్రాములు, చర్మం కింద. నిజంగా అలర్జీ అయితే వెయ్యడానికి ట్రేలో అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకున్నాం. డాక్టరు బీపీ పట్టీ విప్పకుండా కూర్చున్నాడు. నేను ఆమె పెదాలనే చూస్తున్నాను. అయిదు నిమిషాలు. పది. పన్నెండో నిమిషంలో కాళమ్మ చెయ్యెత్తి ముక్కు గీరుకుంది. డాక్టరు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి సార్. బీపీ చూడండి. ఊపిరి చూడండి. దద్దురుందా? వాపుందా? మార్ఫిన్ అంటే ఇంతే" అన్నాను. బీపీ సరిగ్గా ఉంది. దురదకి ఏవిల్ ఇచ్చాం. అరగంటకి మిగతా డోసు.

మధ్యాహ్నం రెండు ముప్పావుకి ఆమె చేతిలో గ్లాసు పక్క మీదకి జారింది. కింద పడకుండా నూకన్న పట్టుకున్నాడు. కాళమ్మ నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చిన్నగా గురక పెడుతూ, సాయంత్రం ఆరున్నర దాకా. మూడు నెలల్లో ఇంతసేపు ఎప్పుడూ పడుకోలేదని నూకన్న వార్డులో అందరికీ చెప్పుకున్నాడు, పక్క మంచం బెంగాలీ ఆవిడక్కూడా.

కార్డు మీద ఎర్ర రాత కొట్టేసి, నీలం సిరాతో తారీఖు వేసి, అలర్జీ లేదు అని రాశాను. కింద సంతకం పెట్టాను. గీతలు గియ్యలేదు.

ఆగస్టు 11

చప్పుడు లేదు.

ఆగస్టు 13

చప్పుడు లేదు. కాళమ్మ కూర్చుంది. నూకన్న దువ్వెన తెచ్చి తల దువ్వాడు. అతనికి చేతకాదు, పాయ అడ్డదిడ్డంగా తీశాడు. ఆమె అతని చేతి మీద ఒక్కటి వేసింది. చూసి నవ్వొచ్చింది, వెంటనే నా మీద నాకే కోపమొచ్చింది. నేను నవ్వుకోవడానికి వీల్లేదు. మూడు నెలలు. ఇలా తల దువ్వించుకుంటూ మూడు నెలలు ఉండాల్సిన మనిషి.

నూకన్నకి ఇంకా చెప్పలేదు. డాక్టరుకి చెప్పగలిగాను, కాగితం మీద రాయగలిగాను. ఆ వరండాలో కూర్చున్న మనిషికి మాత్రం చెప్పలేకపోతున్నాను. రేపు.

ఆగస్టు 14

రేపు.

ఆగస్టు 16

మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. చదివి మడిచి బ్యాగులో పెట్టాను. కొంచెం సంతోషంగా కూడా అనిపించింది, ఎవరో ఒకరు అడుగుతున్నారు కదా అని.

ఆగస్టు 19, గురువారం

కాళమ్మ పోయింది. మధ్యాహ్నం, నిద్రలో. నేను దగ్గర లేను, కౌంటరు దగ్గర ఎవరికో ఓఆర్‌ఎస్ కలిపే పద్ధతి చెబుతున్నాను. ఫెర్రీ మీద బాంబూఫ్లాట్ తీసుకెళ్ళిపోయారు.

తొమ్మిది రోజులు. తొంభై ఉండాల్సింది.

ఆగస్టు 22, ఆదివారం

ఇవాళ వెళ్ళాను. అబర్డీన్ బజార్లో అరటిపళ్ళు కొన్నాను, తర్వాత ఎందుకు కొన్నానో అర్థం కాక ఫెర్రీలో పక్కావిడ చేతిలో పెట్టేశాను. మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను. నన్ను తిడతాడు, తిట్టాలి, తిట్టనీ అనుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు నన్ను గట్టిగా తిట్టలేదు ఇప్పటిదాకా. డాక్టరు తిట్టలేదు, వీరరాఘవయ్య గారు తిట్టలేదు, అమ్మయితే పాపం బిడ్డ చిక్కిపోయిందని హార్లిక్స్ కలిపిస్తోంది.

నూకన్న ఇంటి ముందు వల పరుచుకుని కన్నాలు అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి, లోపల్నించి పీట తెచ్చి వేశాడు. టీ పెట్టబోతే వద్దన్నాను. నిలబడే చెప్పేశాను.

"నూకన్నా, ఆ కార్డు మీద ఎర్రగా రాసింది నేనే. తప్పు రాశాను. నా వల్లే ఆమెకి ఇన్నాళ్ళూ ఆ మందు ఇవ్వలేదు."

అతను అల్లుతున్న ముడి బిగించాడు. దారం పళ్ళతో కొరికాడు.

"నాకు ఎరికే దీదీ" అన్నాడు.

"ఏమిటి?"

"నువ్వే రాసినావని. నాను మరిసిపోతానా. అప్పుడు సన్నగా ఉండేదానివి, రెండు జడలు. ఆ ఆసుపత్రిలో మాతో మాటాడినదానివి నువ్వొక్కదానివే. కాలు కట్టినోళ్ళు మాటాడలేదు, సూదేసినోళ్ళు మాటాడలేదు. నువ్వొచ్చి మంచం మీద కూకుని ఏటయిందమ్మా అని అడిగినావు. రాసి ఇచ్చినావు. ఇది జాగర్త, ఎక్కడికెల్లినా చూపించండి అని సెప్పినావు."

నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటాను. అందరికీ చెప్పేదాన్ని.

"కాళి దాన్ని వానలో తడవనిచ్చేది కాదు. పాలిథిన్ సంచీ అదే కుట్టింది. వైజాగ్ ఎల్లినప్పుడు ఓడలో కేన్సరు నొప్పి ఎత్తుకున్నాది, ఓడ డాక్టరు సూది తీసినాడు. ఆగండి బాబూ అని కార్డు చూపించినాను. మానీసినాడు. వైజాగ్‌లో తీసినారు. అక్కడా చూపించినాను. ఇక్కడికొచ్చీసినాక కొత్త డాక్టరు రాయబోయినాడు, ఎంటనే చూపించినాను. మా సత్తెవాణి దీదీ రాసింది, అబద్ధం ఉండదు అనుకున్నాను."

నేను పీట మీద కూర్చున్నాను. ఆ మందు ఇవ్వబోయిన వాళ్ళని మూడు చోట్ల అతనే ఆపాడు. నా మాట మీద. ఆమె మూలుగుతూ ఉండగా, పక్కన నిలబడి, వద్దు బాబూ అని.

"తిట్టు నూకన్నా" అన్నాను. "నాలుగు తిట్టు. నీ చేత్తో ఆ పని చేయించింది నేను."

అతను నన్ను తిట్టలేదు. ఏడవనూ లేదు. వల పక్కకి నెట్టి లోపలికి వెళ్ళాడు. పాలిథిన్ సంచీ తెచ్చాడు. ఖాళీది. కార్డు కాళమ్మతోనే పంపేశానన్నాడు. సంచీ ఇంకా బాగానే ఉంది, ఎక్కడా చిరగలేదు, కుట్టు చూడు ఎంత గట్టిగా ఉందో అన్నాడు.

"నాకూ ఒకటి రాసిపెట్టు దీదీ" అన్నాడు. "నాకు ఏటి పడదో."

సంచీ నా ఒళ్ళో పెట్టాడు.

నా బ్యాగులో ఎర్ర పెన్ను ఉంది, ఎప్పుడూ ఉంటుంది. తియ్యలేదు. ఎప్పుడు ఏ మందు వాడావు నూకన్నా అని అడిగాను. ఎంతసేపటికి ఏమైంది అన్నాను. ఆ రోజు పొద్దున వేటకెళ్ళావా, ఏ చేప తిన్నావు, ఒంటికి ఏం తగిలింది, అంతకు ముందు రోజు ఎక్కడున్నావు. అతను ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెబుతూ పోయాడు, ఎనభై రెండులో తేలు కుట్టడం దగ్గర్నించి. మధ్య మధ్య కాళిని అడిగితే సెప్పును, దానికి బాగా గుర్తు అంటూ ఆగాడు.

ఆరింటి ఫెర్రీ వెళ్ళిపోయింది. నేను అడుగుతూనే ఉన్నాను.